కేసముద్రం నుండే బయలుదేరాలి

కాజీపేట నుండి విజయవాడ వైపు వెళ్ళే రైలుమార్గంలో నెక్కొండ, ఇంటికన్నె దాటిన తరువాత వచ్చే స్టేషన్ కేసముద్రం. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోనిది. పత్తి, మిర్చి, పసుపు, మొక్కజొన్న బస్తాలతో నిండే వ్యవసాయ మార్కెట్టే ఈ ఊరికి ప్రాణం. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుండపోతకు కేసముద్రం, ఇంటికన్నెల మధ్య కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎక్కడికక్కడ నిలిచిపోయాయి. దారి భద్రంగా ఉండటం కూడా హజ్ స్తోమతలో భాగమని ధర్మవేత్తలు ఎందుకు అన్నారో ఇటువంటి చోట బాగా అర్థమవుతుంది.

మా మామూ జీవితమంతా ఈ మార్కెట్టు చుట్టూనే గడిచింది. హజ్ ఆయనపై విధి అయింది. కాని జబ్బు ఆయనను మంచం దిగనివ్వలేదు. తన సొమ్ముతో తన తరఫున హజ్ చేయించమని సాక్షుల ముందు వసీయత్ చేసి ఆయన కన్నుమూశారు. మాలో ఒకరు ఇదివరకే తమ హజ్ నెరవేర్చి ఉన్నందున ఆ బాధ్యత మా ఇంటికి వచ్చింది. షుబ్రుమా అనే వ్యక్తి తరఫున లబ్బైక్ పలుకుతున్న మనిషిని దైవప్రవక్త (స) ముందుగా తన హజ్ చేసుకొమ్మని ఆదేశించిన సంగతి హదీసుల్లో ఉంది.

మృతుని తరఫున హజ్ చేయవచ్చునా అన్న సందేహానికి తావు లేదు. మొక్కుకున్న హజ్ చేయకుండానే మరణించిన తల్లి గురించి జుహైనా తెగ స్త్రీ ఒకామె అడిగినప్పుడు, దైవప్రవక్త (స) దానిని తీర్చవలసిన అప్పుతో పోల్చి అనుమతించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. మేము కేసముద్రం వెళ్ళింది మరో అనుమతి కోసం. అది వారసుల అనుమతి.

అప్పులు తీరగా మామూ ఆస్తి 9 లక్షల రూపాయలు మిగిలింది. వసీయత్ మూడో వంతును మించరాదన్న హద్దును దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు స్పష్టం చేశారు. అంటే 3 లక్షలు. ప్రయాణానికి కావలసినది 4 లక్షలు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం వసీయత్ చేసినవారి తరఫున వెళ్ళే మనిషి వారి ఊరి నుండే బయలుదేరాలి. మూడో వంతు చాలకపోతే, ఆ సొమ్ము ఎక్కడి నుండి సరిపోతుందో అక్కడి నుండి చేయించాలి. లక్ష రూపాయలు కుదరకపోతే మామూ హజ్ ఆయన ఊరి నుండి కాక, మక్కాకు దగ్గరలోని ఏ ఊరి నుండో మొదలు కావాలి.

ఇద్దరు కొడుకులు వెంటనే ఒప్పుకున్నారు. ఇద్దత్‌లో ఉన్న ముమానీతో మాలోని స్త్రీలు లోపల మాట్లాడారు. ఆమె కూడా సమ్మతించింది. పన్నెండేళ్ళ కూతురు పరుగున వచ్చి, “అబ్బా కోసం నా వాటా అంతా తీసుకోండి” అన్నది. అందరి కళ్ళూ చెమర్చాయి. అయినా ఆ అనుమతిని మేము స్వీకరించలేకపోయాము. యుక్తవయస్సు రాని వారసుల సమ్మతి షరీఅత్‌లో చెల్లదు. వారి తరఫున దానం చేసే అధికారం తల్లికీ లేదు, అన్నలకూ లేదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినడం కడుపులో అగ్ని నింపుకోవడమేనని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది.

అందుచేత మిగిలిన 6 లక్షలను ముందుగా పంచారు. ముమానీకి ఎనిమిదో వంతు 75,000, కొడుకులకు చెరి 2,10,000, కూతురికి 1,05,000. ఆ బిడ్డ వాటాను పెద్దల సమక్షంలో వేరుచేసి ఉంచారు. తక్కువపడిన లక్షను కొడుకులిద్దరు 40,000 చొప్పున, ముమానీ 20,000 తమ తమ వాటాల నుండి ఇచ్చారు. మామూ హజ్ కేసముద్రం నుండే బయలుదేరే వీలు కలిగింది.

మన ఇళ్ళలో ఫాతిహాలకు, విందులకు ఉమ్మడి సొమ్ము ఖర్చవుతూ ఉంటుంది. అందులో పసివారి వాటా ఉన్నదా అని అడిగేవారు అరుదు. మృతునికి పుణ్యం చేరాలని కోరుకునేవారు మొదట ఆయన వదిలి వెళ్ళిన పిల్లల హక్కును కాపాడాలి. స్తోమత, ఆరోగ్యం ఉన్నవారు హజ్‌ను వాయిదా వేయరాదు. వేయక తప్పనివారు వసీయత్‌ను కాగితంపై వ్రాసి ఉంచాలి. అల్లాహ్ మామూ తరఫున ఈ హజ్‌ను స్వీకరించుగాక! ఆయన బిడ్డకు నీడగా ఉండుగాక! ఆమీన్.