జబ్బు నేరం కాదు, దాచడమే నేరం

ఆ మధ్య మా బొంరాస్‌పేట ఆసుపత్రికి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. అబ్బాయికి రెండు రోజులుగా జ్వరం, దగ్గు. మర్నాడు రాత్రి శంషాబాదులో దుబాయి విమానం ఎక్కాలి.

"జ్వరం దిగే గోలీ ఇయ్యుండ్రి సార్. ఆడ అడిగితే ఏం లేదని చెప్తడు. నిజం చెప్తే కేసు పెడ్తరట గద!" అన్నాడు తండ్రి.

గోలీతో పాటు, ప్రయాణం వాయిదాకు పనికొచ్చే సర్టిఫికెట్టు కూడా రాసిచ్చాను. ఇలాంటి భయం చాలామందికి ఉంది కనుక నాలుగు మాటలు చెబుతాను.

ముందు గోలీ సంగతి. పారాసెటమాల్ నాలుగు నుంచి ఆరు గంటలపాటు ఒంటి వేడిని తగ్గిస్తుంది. అంతే! అది క్రిమిని చంపదు, పక్కవారికి అంటకుండా ఆపదు. వేడి చూసే యంత్రాన్ని ఏమార్చవచ్చు గాని, పక్క సీటులోని పసిబిడ్డను కాపాడలేము.

ఇక చట్టం. 2020 మార్చిలో విదేశాల నుంచి దిగినవారు తమ ఆరోగ్యం, ప్రయాణం వివరాలు ఫారంలో రాసివ్వవలసి వచ్చింది. లండన్ నుంచి వచ్చిన కుమారుణ్ణి క్వారంటైనులో ఉంచలేదన్న ఆరోపణపై ఆ నెలలోనే కొత్తగూడెంలో ఒక పోలీసు అధికారి మీదనే కేసు నమోదయింది. కుమారుడితో పాటు తండ్రికీ, ఆ ఇంటి వంటమనిషికీ కరోనా సోకినట్లు పరీక్షల్లో తేలింది. తప్పొప్పులు తేల్చడం న్యాయస్థానం పని. వైద్యుడిగా నా దృష్టి ఆ వంటమనిషి మీదికే పోతుంది. విమానం ఎక్కని మనిషికి విమానంలో వచ్చిన జబ్బు అంటింది!

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 271వ సెక్షన్ ప్రకారం, ప్రాణాపాయమైన అంటువ్యాధి వ్యాపించేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దురుద్దేశంతో చేస్తే 272వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు. ఇవి మామూలు జలుబుకు వర్తించవు. అయితే మీది మామూలు జలుబో కాదో తేల్చవలసింది డాక్టరే గాని మీరు కాదు. నిజం చెబితే మహా అయితే ప్రయాణం వాయిదా పడుతుంది. జబ్బు ఉన్నదని చెప్పినందుకు జైలుకు పంపరు.

మరొక సంగతి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి మన దేశానికి వచ్చేవారు టీకా కార్డు చూపాలి. లేకపోతే ఆరు రోజుల వరకు వేరుగా ఉంచుతారు. ఈ టీకా హైదరాబాదు నారాయణగూడలోని ఐ.పి.ఎం.లో వేస్తారు. వేసుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు. కాబట్టి టిక్కెట్టు కొన్ననాడే టీకా సంగతి కూడా చూసుకోండి.