తాళంచెవి ఎక్కడ ఉన్నది?

పిల్లలూ! మా బాపు బడి ముఖం ఎరుగడు. బోధన్ పక్క పల్లెలో మాకు కొద్దిపాటి చెరకు తోట ఉండేది. నరికిన చెరకును ఆయన ఎడ్లబండి మీద శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీకి తోలేవాడు. 1937లో స్థాపించిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, నా చిన్నతనంలో దాని ముందు బండ్లు బారులు తీరి ఉండేవి. చెరకు తూచి ఒక చీటీ ఇచ్చేవారు. ఏడాది కష్టమంతా ఆ చీటీలోనే ఉండేది. బాపు దాన్ని సందుగలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానం చేసేటప్పుడు కూడా అది ఆయన ఒంటిమీదే ఉండేది.

అటువంటివాని కొడుకును, ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, నేనేం చేశానో వినండి.

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్నది. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు తమ మార్కుల మెమోలూ, ఆధార్ కార్డుల నకళ్లూ నాకు ఈమెయిలులో పంపేవారు. నేను అచ్చు తీసి ఇచ్చేవాణ్ణి. ఈమెయిలుకూ, బ్యాంకుకూ, ఫోటోలకూ నాది ఒకటే పాస్‌వర్డు: మనుమడి పేరు, పక్కన వాడు పుట్టిన సంవత్సరం. మరచిపోతానేమోనని దాన్ని కాగితం ముక్క మీద రాసి కంప్యూటరు తెరకే అంటించాను.

పోయిన ఏడు మనుమడి పుట్టినరోజున వాణ్ణి ఆ బల్ల ముందే నిలబెట్టి ఫోటో తీశాం. బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాం. వాళ్లు ఇంకెందరికో పంపారు. రెండు రోజుల తర్వాత, లెక్కలు అడగడానికి వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ ఫోటో చూసి, "సార్, వెనుక కాగితం కనబడుతున్నది. పెద్దది చేస్తే చదవచ్చు" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. ఈమెయిలు తెరిచి చూస్తే, ముందటి రాత్రి నాకు తెలియని ఊరినుంచి ఎవరో అందులో ప్రవేశించినట్టు హెచ్చరిక వచ్చి ఉన్నది! ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. నా డబ్బు పోలేదు. కాని ఆ నకళ్లు నావి కావు, నన్ను నమ్మినవాళ్లవి. ఒక్కొక్కరికీ ఫోను చేసి, జరిగింది చెప్పి, జాగ్రత్తగా ఉండమన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లలో నేను ఎన్నడూ అంత సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ కూర్చుని ఒక లెక్క చేశాం. ఇంగ్లీషు అక్షరాలు 26 గదా. ఎనిమిది అక్షరాలతో సుమారు 20,882 కోట్ల పాస్‌వర్డులు కూర్చవచ్చు. చాలా పెద్ద సంఖ్య అనుకుంటున్నారా? సెకనుకు 100 కోట్ల చొప్పున ప్రయత్నించే యంత్రానికి అది మూడున్నర నిమిషాల పని. పన్నెండు అక్షరాలయితే మూడేళ్లు పడుతుంది. పదహారయితే 13 లక్షల ఏళ్లు దాటుతుంది! అయితే అక్షరాలను గుడ్డిగా ఏరినప్పుడే ఈ లెక్క. పేర్లూ, పుట్టినరోజులూ దొంగ మొట్టమొదటే ప్రయత్నిస్తాడు. కనుక లావుపాటి పుస్తకం కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన చోటి మాటలు అయిదారు ఏరి కలపండి.

ఒక్కొక్క తలుపుకు ఒక్కొక్క తాళంచెవి ఉండాలి. గుర్తుండకపోతే నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. రాయడం తప్పు కాదు, నలుగురికీ కనబడేట్టు పెట్టడం తప్పు.

ప్రభుత్వ ఖజానాలో విలువైనవి దాచే గదికి రెండు తాళాలుంటాయి. వాటి చెవులు ఇద్దరు అధికారుల దగ్గర ఉంటాయి. ఒక్కడే వచ్చి తెరవలేడు. ఫోనుకు వచ్చే ఓటీపీ అటువంటి రెండో తాళంచెవి. ఎంత పెద్ద అధికారినని చెప్పినా, అడిగినవాడికి దాన్ని చెప్పకూడదు.

ఇంకొక సంగతి. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము 150 దేశాలలో కంప్యూటర్లలోని దస్త్రాలకు తానే తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపగల సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది! అందుచేత కంప్యూటరు అప్‌డేటు అడిగితే రేపటికి వాయిదా వేయకండి. ముఖ్యమైన దస్త్రాలకు ఇంకొక నకలు విడి డిస్కులో తీసి, డిస్కును కంప్యూటరునుంచి ఊడదీసి దాచండి. ఒకవేళ మోసం జరిగి డబ్బు పోతే, వెంటనే 1930కి ఫోను చేయాలని ఇంట్లో పెద్దలకు చెప్పండి.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నలను ఒక్క ప్రశ్న అడగండి: "మన తాళంచెవి ఎక్కడ ఉన్నది?" వాళ్లు గోడవైపో, కంప్యూటరు తెరవైపో చూపిస్తే, ఈ కథ చదివి వినిపించండి. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, ఫరవాలేదు. ముందు ఆ కాగితం తీసివేయండి.