పచ్చనిదే పసిడి

లాత్వియాలో ముద్దొచ్చిన పసివాణ్ని ‘జెల్టీట్’ అని పిలుస్తారు. ‘బంగారూ’ అని అర్థం. తెలుగు అమ్మమ్మ ‘నా బంగారు తండ్రీ’ అన్నట్టే! అక్కడ బంగారాన్ని ‘జెల్ట్స్’ అంటారు. దాన్ని ముద్దుగా పలికితే జెల్టీట్. పెళ్లీడు ఆడపిల్లను పాత పాటల్లో, కవిత్వంలో ‘జెల్టెనె’ అంటారు. అదీ ఆ బంగారంలోంచి పుట్టిన మాటే.

బాల్టిక్ సముద్రం ఒడ్డున 20 లక్షల జనాభా కూడా లేని చిన్న దేశమది. బంగారు గనులు లేవు. అలలు ఒడ్డుకు తెచ్చిపెట్టేది అంబర్ మాత్రమే. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురు గట్టిపడి రాయిలా మారిన పచ్చని పూస అది. మరి బంగారానికి ఆ పేరెలా వచ్చింది?

ధరను బట్టి కాదు, రంగును బట్టి! మెరుపునూ పసుపుపచ్చ రంగునూ చెప్పే ఓ ప్రాచీన ధాతువు నుంచి జెల్ట్స్ పుట్టిందంటారు భాషావేత్తలు. ఇంగ్లిషు గోల్డ్, రష్యన్ జోలొటొ, సంస్కృత హిరణ్యం... అన్నీ ఆ తల్లి పిల్లలే. లాత్వియన్‌లో ఆకుపచ్చను చెప్పే ‘జల్ష్’ కూడా ఆ ఇంటిదే. పక్కనున్న లిథువేనియన్ లాత్వియన్‌కు తోబుట్టువు లాంటి భాష. అయినా అక్కడ బంగారం ‘ఔక్సస్’. దానికి చుట్టరికం ఉషస్సుతో అంటారు. అక్కకు బంగారం పసుపు, చెల్లెలికి తెల్లవారు వెలుగు!

తెలుగుది వేరే కుటుంబం. అయినా పసిడి, పసుపు, పచ్చ ఒకే మూలం నుంచి వచ్చినవే. పచ్చ అంటే చేలో ఆకుపచ్చ, గడపకు పసుపుపచ్చ. వేల మైళ్ల దూరంలో రెండు జాతులు బంగారాన్ని చూసి ఒకేలా ఆలోచించాయి.

కవి రైనిస్ 1909లో ‘బంగారు గుర్రం’ అనే నాటకం రాశాడు. అప్పటికి లాత్వియా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. కవేమో స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో ఉన్నాడు. కథలో ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడు, అందరూ అమాయకుడనుకునేవాడు, గాజు కొండెక్కి నిద్రలో ఉన్న రాకుమారిని మేల్కొలుపుతాడు. ఆమెలో తమ దేశాన్నే చూసుకున్నారు లాత్వియన్లు.

దేశం 1918లో స్వతంత్రమైంది. 1940లో సోవియట్ చేతిలోకి వెళ్లింది. 1989 జనాభా లెక్కల నాటికి సొంతగడ్డ మీద లాత్వియన్లు 52 శాతమే మిగిలారు. ఎక్కడ చూసినా రష్యన్‌దే పెత్తనం. 1991లో మళ్లీ స్వాతంత్య్రం వచ్చింది.

ఇన్ని మార్పుల్లోనూ ఆ మాట నిలిచింది. రాజ్యాలు ఖజానాలోని బంగారాన్ని పట్టుకుపోగలవు. అమ్మ నోట్లోని ‘జెల్టీట్’ను పట్టుకుపోవడం ఎవరి తరం? బిడ్డను ఆ మాటతో పిలిచే అమ్మ ఉన్నంతవరకూ ఆ భాషకు లోటు లేదు.

ఏ భాషకైనా అంతేనేమో!