ఆ బాల్కనీలకు అతిథులు వద్దట!

సముద్రానికి నాలుగంగల దూరంలో ఇల్లు. కిటికీ తీస్తే ఉప్పుగాలి. స్పెయిన్‌లోని బార్సిలోనా చూడబోయే వారెవరైనా బార్సిలోనెటా పేటలో బస దొరికితే బాగుణ్ననుకుంటారు. ఇరుకు వీధులు, ఎదురింటి మాటలు ఇవతలికి వినిపించేంత దగ్గరగా బాల్కనీలు, వాటి నిండా ఆరేసిన బట్టలు. ఆ బట్టల మధ్యే కొన్నేళ్లుగా బ్యానర్లూ వేలాడాయి. 'టూరిస్టు ఫ్లాటు ఒక్కటీ వద్దు' అని కాటలాన్ భాషలో!

అసలీ పేట పుట్టిందే ఇళ్లు పోయినవాళ్ల కోసం. 1714లో బార్సిలోనాను జయించిన రాజు ఐదో ఫిలిప్, నగరం మళ్లీ తలెత్తకుండా పెద్ద కోట కట్టించాడు. దానికోసం రిబేరా పేటలో వందలాది ఇళ్లు కూల్చారు. ఎన్నో ఏళ్ల తర్వాత, 1753లో, సముద్రపొడ్డున ఈ కొత్త పేటకు పునాది పడింది. జాలర్లు, రేవు కూలీలు చేరారు. మొదట్లో కుటుంబానికో ఇల్లు. జనం పెరిగేకొద్దీ దాన్ని రెండు చేశారు, తర్వాత నాలుగు. అందుకే ఇక్కడి ఫ్లాటును 'పావు ఇల్లు' అంటారు. మహా అయితే 35 చదరపు మీటర్లు, ఇంచుమించు 375 చదరపు అడుగులు.

1992 ఒలింపిక్స్ కోసం తీరాన్ని బాగుచేశాక ఆ పావు ఇళ్ల దశ తిరిగింది. తర్వాత ఇంటర్నెట్ బుకింగులు వచ్చాయి. రోజు లెక్కన అద్దె వస్తుంటే నెల అద్దెకు ఎవరిస్తారు? పక్కింట్లో వారానికో కొత్త ముఖం, అర్ధరాత్రి మెట్లమీద పెట్టెల చప్పుడు. 2014 ఆగస్టులో కొందరు పర్యాటకులు పట్టపగలు ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరిగేసరికి పేట మొత్తం రోడ్డెక్కింది.

నగరపాలక సంస్థ కదిలింది. లైసెన్సు లేని ఇళ్లను ప్రకటించినందుకు 2016లో ఎయిర్‌బీఎన్‌బీకి 6 లక్షల యూరోల జరిమానా వేసింది. 2024 జూన్‌లో మేయర్ జౌమె కొల్బొని ఇంకో అడుగు వేశారు. నగరంలోని 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సుల్ని 2028 నవంబరు తర్వాత పొడిగించబోమన్నారు. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయన్నది ఆయన చూపిన కారణం. ఆ అధికారమిచ్చిన కాటలోనియా చట్టాన్ని 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది.

యజమానులు మండిపడుతున్నారు. ఇల్లు మాదైతే పెత్తనం మీదా అంటున్నారు. లాభపడేది హోటళ్లేనన్నది వాళ్ల వాదన. అదీ కొట్టిపారేసేది కాదు. 16 లక్షలు దాటిన జనాభాకు పదివేల ఇళ్లు ఏ మూలకు? కానీ పావు ఇళ్ల వీధిలో ఒక్క తలుపు వెనక మళ్లీ కాపురం మొదలైనా ఇరుగుపొరుగుకు తెలుస్తుంది.

అప్పటిదాకా లైసెన్సున్న ఇళ్లు మామూలుగానే నడుస్తాయి. అక్కడికి వెళ్లేవారు ప్రకటనలో 'హెచ్‌యూటీబీ'తో మొదలయ్యే నంబరుందేమో చూసుకోవాలి. అది లేని ఇల్లు ఎంత చవకైనా పెట్టె దించకపోవడమే మంచిది.