న్యాయమూర్తి కాగితాలు, మా తాతయ్య కాగితం

మాది గుడివాడకు దగ్గరలోని ఒక పల్లె. మా తాతయ్యకు ఒక ట్రంకుపెట్టె ఉండేది. పైన శిస్తు రశీదులు, పొలం దస్తావేజులు, పాత ఉత్తరాలు. అన్నిటికన్నా అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక ప్రభుత్వ కాగితం. 1949లో ఆయనను పట్టుకొనిపోయి విచారణ లేకుండా జైలులో ఉంచారు. ఎందుకు ఉంచారో చెబుతూ 1950లో చేతికిచ్చిన కాగితమది. పన్నెండేళ్ళ వయసులో నేను దాన్ని ఒక్కసారి చూశాను. ఇంగ్లీషు సగం అర్థమయింది, సగం కాలేదు. తాతయ్య దాన్ని మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేశాడు.

ఆ పెట్టె తరువాత దివిసీమలో మా మేనత్త ఇంటికి చేరింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మా మేనత్త కుటుంబం ఊళ్ళోని ఒక డాబా ఎక్కి బ్రతికింది. పెట్టె పోయింది. సుమారు 10,000 మంది పోయిన చోట పెట్టె గూర్చి విచారించేదెవరు? తాతయ్య కూడా విచారించలేదు. "మనుషులు దక్కారు, చాలు. ఆ కాగితం వాళ్ళు రాసిందే గదరా. వాళ్ళ దగ్గర నకలుంటుందిలే" అన్నాడు.

ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత ఆ నకలు కోసం నేను కొంత తిరిగాను. బందరులో ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను. గడువు దాటిన దస్త్రాలు ఎప్పుడో తీసివేశామని చెప్పారు. చెప్పిన గుమాస్తా మంచివాడే. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

ఆ తిరుగుడులోనే మరొకరి కాగితాల గూర్చి చదివాను. ఆయన మన దేశంవాడు కాడు. అయినా ఆ కాగితాలకూ మా తాతయ్య కాగితానికీ సంబంధం ఉన్నది. అది చెప్పటానికే ఈ వ్యాసం.

ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ 1882లో వియన్నాలో పుట్టి, పన్నెండో ఏట అమెరికా చేరాడు. 1914 నుండి హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడు. సాకో, వాంజెట్టీ అనే ఇద్దరు ఇటాలియన్ కార్మికులకు మరణశిక్ష వేసినప్పుడు, ఆ విచారణ ఎంత అన్యాయంగా జరిగిందో 1927లో రాసి బయటపెట్టినవాడు. 1939లో ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1962 వరకూ ఆ పదవిలో ఉన్నాడు. పీఠమెక్కిన తరువాత ఆయన చెయ్యి సాధారణంగా ప్రభుత్వం వైపే మొగ్గింది. జెండాకు వందనం చేయని పిల్లలను బడినుండి వెళ్ళగొట్టటం చెల్లుతుందని 1940లో తీర్పు రాశాడు. 1951లో అమెరికా కమ్యూనిస్టు నాయకుల శిక్షలను సమర్థించినవారిలో ఆయనా ఒకడు.

ఆయన డైరీలూ ఉత్తరాలూ వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలోనూ, హార్వర్డ్ న్యాయ కళాశాలలోనూ ఉన్నాయి. వాషింగ్టన్‌లో దాచిన వాటిలో వెయ్యి పుటలకు పైగా దొంగలు ఎత్తుకుపోయారని 1972లో బయటపడింది. అక్కడి పత్రికలలో పెద్ద గొడవయింది. కాగితాలు పోతే గొడవ పడే దేశమూ ఉన్నదన్న మాట!

ఇక సంబంధం. మన రాజ్యాంగ సభకు సలహాదారు బెనెగల్ నరసింగరావు. ఆయనా కలకత్తా హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవాడే. 1947 చివర ఆయన విదేశాలకు వెళ్ళి అక్కడి న్యాయకోవిదులను సంప్రదించాడు. వారిలో ఫ్రాంక్‌ఫర్టర్ ఒకడు. ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ "డ్యూ ప్రాసెస్", అంటే న్యాయమైన విధానం, లేకుండా హరించరాదని అప్పటికి మనవారు రాసుకొని ఉన్నారు. ఆ మాట వద్దని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా. ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ చేసిన చట్టాన్ని కొద్దిమంది న్యాయమూర్తులు ఆ మాట పట్టుకొని కొట్టివేయటం అప్రజాస్వామికమని ఆయన వాదం. 1948 ఫిబ్రవరిలో ప్రచురించిన ముసాయిదాలో ఆ మాట లేదు. "చట్టం నెలకొల్పిన విధానం" అన్న మాట వచ్చింది. మన నెల్లూరు జిల్లావాడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఈ మార్పును సమర్థించాడు.

దీన్ని ఒట్టి కుట్రగా కొట్టివేయటం సులభం. అది న్యాయం కాదు. అమెరికా కోర్టులు ఆ మాటతోనే కార్మిక చట్టాలను నరికాయి. రొట్టెల కార్ఖానా కార్మికుడికి రోజుకు 10 గంటలకు మించి పని ఉండరాదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో కొట్టివేశాయి. ఫ్రాంక్‌ఫర్టర్ భయం అక్కడిది. మన దగ్గరా జమీందారీల రద్దు జరగవలసి ఉన్నది. చల్లపల్లి ఎస్టేటు నీడలో బ్రతికిన దివి తాలూకా రైతుకు, జమీందారు కోర్టుకెక్కితే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడొక సంగతి గమనించాలి. 1947 ఏప్రిల్ నాటికే ఆ నిబంధన నుండి ఆస్తి అన్న మాటను తీసివేశారు. మిగిలినవి ప్రాణమూ, స్వేచ్ఛా. అంటే ఫ్రాంక్‌ఫర్టర్ భయపడిన ఆస్తిపరుడు అప్పటికే ఆ గదిలో లేడు. అతని కోసం చేయించిన తాళం మనిషి ఒంటిమీద పడింది. ఆస్తికి వేరే అధికరణంలో రక్షణ దొరికింది. జమీందార్లు దాన్ని పట్టుకొని కోర్టులకెక్కారు. 1951లో రాజ్యాంగాన్ని సవరించవలసి వచ్చింది. విచారణ లేని ఖైదీకి మాత్రం పట్టుకోవటానికి పెద్దగా ఏమీ మిగలలేదు.

ఆ రోజులెటువంటివో కృష్ణా జిల్లావారికి తెలుసు. 1949లో మా పక్కనే కాటూరు, యలమర్రు గ్రామాలలో మలబారు పోలీసులు మగవాళ్ళ బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. 1950 ఫిబ్రవరి 11న, రాజ్యాంగం అమలులోకి వచ్చి మూడు వారాలైనా నిండకముందే, సేలం జైలులో కాల్పులు జరిపి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలను చంపారు. అదే నెలలో నిర్బంధ చట్టం వచ్చింది. దాని 14వ సెక్షను ప్రకారం ఖైదీ తనకిచ్చిన కారణాల కాగితాన్ని కోర్టుకు కూడా చూపరాదు. ఏ. కె. గోపాలన్ వేసిన కేసులో 1950 మే 19న సుప్రీంకోర్టు ఆ ఒక్క సెక్షనును కొట్టివేసి, మిగిలిన చట్టాన్ని నిలబెట్టింది. మన రాజ్యాంగంలో "డ్యూ" అన్న మాట లేదు గదా అన్నది ప్రధాన న్యాయమూర్తి చూపిన ఆధారాలలో ఒకటి. ఫజల్ అలీ విభేదించాడు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సంభాషణ మా తాతయ్య జైలు తలుపుదాకా ఇలా వచ్చింది. ఆయన 1951లో గాని విడుదల కాలేదు.

తీసివేసిన మాట అర్థం తిరిగి రావటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1962లో ఖరక్‌సింగ్ కేసులో రాజమండ్రివాడు కోకా సుబ్బారావు, అర్ధరాత్రి పోలీసు తలుపు తట్టటం స్వేచ్ఛకు భంగమేనని, ఏకాంతం స్వేచ్ఛలో భాగమని విడిగా రాశాడు. 1978లో మేనకాగాంధీ కేసులో, విధానమంటే న్యాయమైన విధానమే కావాలని కోర్టు ఒప్పుకొన్నది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు సుబ్బారావు వైపే నిలిచారు. వారిలో ఒకరు బందరుకు దగ్గరలోని పెదముత్తేవిలో పుట్టి, బందరు హిందూ హైస్కూలులో చదివిన జాస్తి చలమేశ్వర్. న్యాయమూర్తుల నియామకాలు తలుపులు మూసుకొని జరుగుతున్నాయని 2015లో విభేదించి తీర్పు రాసినది ఆయనే. 2016లో ఆ సమావేశాలకు రానని, అభిప్రాయాలు కాగితం మీద ఉండాలని పట్టుబట్టాడు. కాగితం మీద పెట్టమన్న ఆ కోరిక చిన్నదిగా కనబడుతుంది. నాకు మాత్రం అది మా తాతయ్య కాగితానికి చాలా దగ్గరి సంగతి అనిపించింది.

న్యాయమూర్తుల కాగితాలు దాచవద్దని నేననను. దాచబట్టే, అచ్చువేయబట్టే ఆ సలహా ఎక్కడినుండి వచ్చిందో మనకు తెలిసింది. కాని సలహా ఇచ్చినవాడి డైరీ ఉండి, దాన్ని అనుభవించినవాడి కాగితం లేకపోతే చరిత్ర సగమే మిగులుతుంది. ఆ సగంలో మా తాతయ్య ఒక కేసు నంబరుగా కూడా లేడు.

మన ఇళ్ళలో ఇంకా పెట్టెలున్నాయి. దివిసీమలో కౌలు దావాల నోటీసులు, గుడివాడ పల్లెలలో జైలు ముద్ర పడిన ఉత్తరాలు, బందరు ప్లీడర్ల ఇళ్ళ అటకలమీద కేసు కట్టలు. విద్యార్థులు సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి చూడాలి, నకళ్ళు తీసి ఊరి గ్రంథాలయంలో ఒకటి ఉంచాలి. వాళ్ళ దగ్గర నకలుంటుందిలే అనుకొని మా తాతయ్య నిశ్చింతగా కన్నుమూశాడు. వాళ్ళ దగ్గర లేదు. నేను వెళ్ళి చూశాను.