మారిషస్‌లో బస్సు ప్రయాణం

మారిషస్ బయలుదేరుతుంటే బళేపేట మిత్రులు టూరు ప్యాకేజీ మేలన్నారు. మేం బస్సుల్లోనే తిరిగాం. దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు. బస్సు వెళ్లని ఊరు అరుదు. చిల్లర, గొడుగు దగ్గరుంచుకోండి. పల్లె బస్సులు సాయంత్రమే ఆగిపోతాయి, తిరుగు బస్సు ముందే కనుక్కోండి. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల బెడద ఎక్కువ.

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ చూడండి. చెరకు తోటలకు కూలీలుగా మనవాళ్లూ దిగిన రేవు అది.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ తామూ తెలుగువాళ్లమేనంది, ఇంగ్లీషులో. ఇంట్లో రామభజన చేస్తారట. ఉగాదికి దేశమంతా సెలవే. మాట మాత్రం క్రియోల్.

"మీ పిల్లలకు తెలుగు వచ్చా?" అని అడిగింది.

మా అబ్బాయి ఇంట్లోనూ కన్నడమే మాట్లాడతాడు. ఇంతలో మా స్టాపు వచ్చింది; బతికిపోయాను.