మోటారునకు చల్లదనము

విద్యుద్వాహనమునకు పొగ లేదు. కావున వేడియు లేదని పలువురు తలంతురు. అది నిజము కాదు. మోటారులోని రాగితీగల గుండ విద్యుత్ప్రవాహము సాగునపుడు కొంత శక్తి వేడిగా మాఱును. రాగి వేడెక్కినకొలది దాని నిరోధము హెచ్చును. 100 డిగ్రీలు పెరిగినచో సుమారు నూటికి 40 వంతులు హెచ్చును. అందువలన మఱింత వేడి పుట్టును. మితిమీరినచో తీగలపై పూత చెడును. అయస్కాంతములు బలము గోల్పోవును.

గత వేసవిలో మేము విద్యుత్ ఆటోలో ఒక కొండదారి నెక్కుచుండగా బండి మందగించెను. తోటి ప్రయాణికులు కోపించి దిగిపోయిరి. నాటి కూలి పోయెనని తోలువాని మొగము చిన్నవోయెను. బండి చెడలేదు. వేడి హద్దు చేరగనే మోటారును గాపాడుటకై యంత్రమే శక్తిని తగ్గించునని మా శాస్త్రోపాధ్యాయులు పిమ్మట వివరించిరి.

ఇట్టి చిన్న బండ్లలో పెక్కింటికి గాలియే శరణము. ఒకే పరిమాణమున నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిని గ్రహించును. అందుచే పెక్కు కార్లలో మోటారు చుట్టునున్న తొడుగులో నీటిని పారింతురు. ఆ నీరు తీగలను దాకరాదు. తగిన నూనెలో విద్యుత్తు పారదు గనుక అది తీగలనే తడుపవచ్చును. టెస్లా వారి 2008 నాటి రోడ్‌స్టరు మోటారునకు గాలి చాలెను. 2017 నాటి మోడల్ 3 లో నూనె మోటారు లోపలికే ప్రవేశించెను. బలము పెరిగినకొలది చల్లదనము వేడి పుట్టుచోటికి చేరువగుచున్నది.

సోదర విద్యార్థులారా! కొండపై బండి మందగించినపుడు తోలువానిని నిందింపకుడు. కొంతసేపు నీడన నిలువనిండు.